నర్సక్క తిరగేసి తగిలించిన కోట్లు

కూర్చో అమ్మడూ. అలా మంచం మీద జారగిలబడి కాదు, ఎదురుగా కూర్చుని సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నగిషీలు చెక్కకు. ఆ కోటు మాత్రం నా ఒళ్ళోనే ఉండనీ. పొద్దున నువ్వు దాన్ని సంచీలోంచి తీసి దులిపినప్పుడు ఒక వాసన వచ్చింది చూడు, టార్పాలిన్ వానలో తడిసి ఆరినట్టు, అందులో కాస్త కలరా ఉండలు కలిసినట్టు. ఆ వాసనకి నేను చేతిలో గరిటె పట్టుకునే నాంపల్లి వెళ్ళిపోయాను. "అమెరికా సైన్యం వాళ్ళది నాయనమ్మా, పాతది, అసలుది" అన్నావు. నేనింకా చెయ్యి తుడుచుకోనేలేదు, మీ చిన్న నాయనమ్మ కాంతం గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి "అసలుదే" అనేసి వెళ్ళిపోయింది. ఆ మాట విన్నాక నాకు కాఫీ సహించలేదు. ఎందుకు సహించలేదో నీకు అర్థం కావాలంటే ముందు నర్సక్క తెలియాలి. ఆవిడని చూసినవాళ్ళం ఈ ఇంట్లో ఇద్దరమే ఉన్నాం, నేనూ, నా తోటికోడలు కాంతమూ. కాంతాన్ని అడిగితే కథ ఇంకోలా చెబుతుంది. అందుకే ముందు నాది రాసుకో.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకటే రాష్ట్రమైన ఏడాది మీ తాతయ్య ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకి వచ్చింది. ఆఫీసు ఫైళ్ళ వెనకే మేమూ వచ్చాం. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పోర్షన్ దొరికింది. రైలు కూత వేస్తే గోడకి తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆయన పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. ఎవరి భాష ఎవరికీ సరిగ్గా పట్టని ఆ ఊళ్ళో పగలంతా ఏం చెయ్యాలో నాకు తోచేది కాదు. చేత్తో కుట్టడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఇంటివాళ్ళావిడ నా రవిక చూసి, ఆబిడ్స్ వైపు వెళ్ళే రోడ్డులో నర్సక్క అని ఒకావిడ ఉంది, నాటకాల డ్రెస్సులు కిరాయికి ఇస్తుంది, చిరిగినవి కుట్టడానికి మనిషి కావాలట, పో అంది. ఆడది నడిపే దుకాణం కదా అని మీ తాతయ్య కూడా అడ్డు చెప్పలేదు.

దుకాణం ముందు గదిలోకి అడుగుపెడితే కిరీటాలు, జడలు, గడ్డాలు, అట్ట గదలు తలకి తగిలేవి. వాటి మధ్య ఒక పీట మీద నర్సక్క కూర్చుని ఉంది. పొట్టి మనిషి, గట్టి ఎముక, మెడలో కొలతల టేపు. ఆ టేపుతో ఆవిడ ఏదైనా కొలవగా నేను ఎన్నడూ చూడలేదు, అన్నిటికీ జానే. భర్త పోయాక దుకాణం తనే నడుపుతోందని అప్పటికి నాకు తెలుసు. మిగతాదేదీ తెలియదు.

"ఏం పనొస్తది నీకు?" అంది.

"కుట్టడం వచ్చండి. చేత్తో."

"మీ దిక్కోళ్ళు అందరు అండి అంటరు, పని సంగతి తర్వాత జెప్తరు. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. చేతిలో ఏదో గుడ్డ పెట్టింది. "ఏంది గిది?"

"చొక్కా అండి. ఖాకీ చొక్కా."

"కండ్లు మూసుకుంటె రంగు ఎట్ల ఎర్కైంది బిడ్డా?"

గబుక్కున కళ్ళు తెరిచాను. ఆవిడ పడీపడీ నవ్వింది. "దొంగచూపు చూస్తవన్నట్టు. మంచిదే. చూసుడన్న వస్తది నీకు. రేపు పొద్దుగాల రా."

అలా చేరాను. ముందు గదిలో నా పని చిరిగిన ధోవతులు కుట్టడం, రాజుల కోట్లకి ఊడిన అంచులు వెయ్యడం, పోలీసుల చొక్కాలకి హోదా చెప్పే గుడ్డ బిళ్ళలు తగిలించడం. నాటకాల డ్రెస్సుల్లో బిళ్ళ ఎప్పుడూ గట్టిగా కుట్టకూడదు. ఇవాళ్టి సిపాయి రేపు జమేదారు కావాలి, ఎల్లుండి దొంగ కావాలి. అందుకని నాలుగు మూలలా నాలుగు వదులు కుట్లు, లాగితే ఊడి రావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ పనికొస్తుంది.

వెనక గదికి తాళం. చేరిన చాలా రోజులకి గానీ నాకు ఆ తాళం తియ్యలేదు. తీసినప్పుడు ఈ వాసనే, నీ కోటు వాసనే, ముఖాన కొట్టింది. కర్రల మీద వరసగా కోట్లు, చొక్కాలు, పంట్లాలు, అన్నీ తిరగేసి ఉన్నాయి. లోపలి వైపు బయటికి, కుట్లు, అస్తరులు, జేబుల సంచులు కనబడేట్టు. గోడ పక్కన బల్ల మీద నీళ్ళ సీసాలు, బెల్టులు, తిండి గిన్నెలు. పెద్ద యుద్ధం అయిపోయాక సైన్యాలు వదిలించుకున్న సామాన్లని గుట్టలుగా అమ్మితే, నాటకాల్లో సిపాయిలకి పనికొస్తాయని ఆవిడ భర్త కొన్నాడట. అందులో ఇంగ్లీషు వాళ్ళవీ అమెరికా వాళ్ళవీ కలిసిపోయి ఉన్నాయి. ఆయనకి అన్నీ ఒకటే. ఆయన పోయాక నర్సక్క ఒక్కతే కూర్చుని గుట్ట విడదీసింది. ఇంగ్లీషువి ముందు గదిలోకి, కిరాయికి. అమెరికావి వెనక్కి, తాళంలోకి. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పత్రికలు అమ్మేవాళ్ళ దగ్గర యుద్ధం బొమ్మలున్నవి ఏరి తెచ్చుకునేది. ఆ బొమ్మల పక్కన గుడ్డ పెట్టి పోల్చుకునేది.

"వీటినెందుకు తిరగేశారక్కా?" అని అడిగాను.

"ముఖం ఎవ్వనికైన కనవడ్తది. లోపల చూడాలె. కుట్టినోడు లోపల అబద్ధమాడలేడు."

నేర్పడం అంటే ఆవిడ చెప్పేది కాదు, చేతిలో పెట్టి ఊరుకునేది. అమెరికా చొక్కాకి బొత్తాల వెనకాల అడ్డంగా ఇంకో గుడ్డ పట్టీ ఉంటుందని నాకు ముందు వేళ్ళకే తెలిసింది, అది యుద్ధంలో వదిలే విషపు గాలి ఒంటికి తగలకుండా వేసిందని తరవాత తెలిసింది. వాళ్ళు పనివేళ వేసుకునే ముతక గుడ్డ నేత చేప వెన్నుముల్లులా అటూ ఇటూ వాలి ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ నీళ్ళ సీసాకి బిరడా, దానికి తాడు. అమెరికా వాళ్ళ సీసాకి మర మూత, దానికి సన్న గొలుసు. నేను తప్పు చెబితే ఆవిడ తప్పు అనేది కాదు. "మల్ల పట్టుకో" అనేది. సరైన పేరు చెప్పినవాళ్ళే ఆ వస్తువుని తీసుకెళ్ళి తిరగేసి కర్రకి తగిలించాలి, అదీ అక్కడి మర్యాద. ముందు గదిలో దేనినైనా ఎవరికైనా కిరాయికిచ్చే మనిషి వెనక గది గుడ్డ ఒక్కటీ గడప దాటనిచ్చేది కాదు. ఒక సినిమా కంపెనీ మేనేజరు వచ్చి బతిమాలితే, "నా కోటు ఇంకొకని ఒంటి మీద ఎక్కితె నాకు మండుతది, వేరే అడుగు" అని పంపేసింది. నాంపల్లి స్టేషన్లో ఒక కూలీ నడుముకి అమెరికా బెల్టు చూసి, అతని వెనకే ప్లాట్‌ఫారం పొడుగునా నడిచి, కొత్త తోలు బెల్టు కొనిచ్చి మరీ అది ఊడదీయించుకుంది. దారంతా గొణుగుతూనే ఉంది, "నా దగ్గర లేనిది గానికెట్ల దొరికె" అని. అసూయ అంత బాహాటంగా పడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా వైపు దాన్ని చీర కొంగులో దాచుకుంటాం.

ఇక ఆ కప్పు సంగతి. ఆవిడ చాయ్ తాగేది అమెరికా సిపాయి కప్పులో. స్టీలుది, చిక్కుడు గింజలా ఒక పక్క లోపలికి వంగి ఉంటుంది, నీళ్ళ సీసా అందులో కూర్చునేట్టు. పిడి మడిచి అడుక్కి పెట్టెయ్యొచ్చు. ఇరానీ హోటలు నుంచి చాయ్ వస్తే తనకి ఆ కప్పులో, నాకు గాజు గ్లాసులో. అది ఆవిడ కప్పు, ఇంకెవరూ ముట్టరు అనుకున్నాను, నాకేమీ అనిపించలేదు. కాంతం వచ్చేదాకా అనిపించలేదు.

మా మరిదికి పెళ్ళై కాంతం మా ఇంటికొచ్చింది. సన్నగా, మాట తక్కువగా, ఏ పని చెప్పినా "సరే అక్కయ్యా" అనే పిల్ల. ఒకరోజు నేను కారియర్ మరిచిపోతే పట్టుకుని దుకాణానికి వచ్చింది. వెనక గది గడప అవతలే నిలబడింది. లోపలికి రాలేదు, దేన్నీ ముట్టలేదు. నాతో మెల్లిగా, "ఆ చివరది వీటిలోది కాదేమో అక్కయ్యా" అంది.

"ఏది?" అన్నాను.

"అదే, ఆ కొసన ఉన్నది. భుజం దిగిన తీరు వేరేగా ఉంది."

నర్సక్క పీట మీదినుంచి లేచింది. ఆ చివరి కోటు ఇంగ్లీషుది. నేను కనిపెడతానా లేదా అని ఆవిడే నెల రోజుల కిందట తెచ్చి అక్కడ తగిలించిందట. నేను రోజూ దాని పక్కనే కూర్చుని కుట్టుకుంటున్నాను. రోజూ. నర్సక్క కాంతం గడ్డం పట్టుకుని, "ఎవరి పిల్లవే నువ్వు? నీకెవరు నేర్పిన్రు?" అంది. ఎవరూ నేర్పలేదండి అని కాంతం సిగ్గుపడింది. ఆ తరవాత నర్సక్క చాయ్ తెప్పించి, తన కప్పు కొంగుతో తుడిచి, అందులో పోసి కాంతం చేతికిచ్చింది. నాకు గ్లాసు. నేను ఆ గ్లాసు దింపకుండా పట్టుకునే కూర్చున్నాను, వేళ్ళు కాలినా.

ఆ రోజు నుంచి కాంతం వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా కప్పు దానిదే. ఇంట్లో నేను పెద్దకోడల్ని, నేను చెబితే అది కూర తరిగేది. అక్కడ మాత్రం నా పని సూది, దాని పని చూపు. రాత్రి వంటింట్లో దాని పక్కన కూర్చుని చపాతీలు ఒత్తుతూ దాని కళ్ళకేసి చూసేదాన్ని. ఏముంది వీటిలో, నా కళ్ళల్లాంటివే కదా అని. అది ఏమీ ఎరగనట్టు, "ఉప్పు సరిపోయిందా అక్కయ్యా" అనేది. ఒక్కసారైనా గర్వపడి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఒక ఆదివారం ముగ్గురం ఆబిడ్స్ వెళ్ళాం. దుకాణాలు మూసి ఉంటాయి కదా, వాటి ముందు పేవ్‌మెంటు నిండా పాత పుస్తకాలు, వాటి మధ్య మధ్య దుప్పట్లు పరిచి తాళాలు, గడియారాలు, పాత బట్టలు. నర్సక్క పద్ధతి ఏమిటంటే, కావాల్సినదాన్ని ముందు ముట్టదు. దాని పక్కదాన్ని ఎత్తి, బేరమాడి, విసుక్కుని, పోనీలే అన్నట్టు రెండోదాన్ని అందుకుంటుంది. ఆ రోజు ఒక దుప్పటి మీద పొట్టి కోటు ఒకటి ఉంది, పైన నూలు, లోపల ఉన్ని అస్తరు. వెలిసి వెలిసి మట్టి రంగుకి వచ్చింది. ఎడమ భుజం మీద డాలు ఆకారంలో ఒక బిళ్ళ. పైన నీలం మీద ఒక పక్క సూర్యుడు, ఒక పక్క నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు. మన దేశానికీ బర్మాకీ యుద్ధానికొచ్చిన అమెరికా సిపాయిలు పెట్టుకునే బిళ్ళ అది. నర్సక్క పత్రికల్లో దాని బొమ్మ ఉంది. బొమ్మలో అది మిల్లు దారంతో నేసిన బిళ్ళ. ఇదేమో జరీతో, చేత్తో చేసింది, మన జర్దోజీ పనిలా.

కాంతం దూరం నుంచే చెప్పేసింది. "కోటు అమెరికాదే అక్కా. బిళ్ళ మాత్రం నాటకాలది."

"ఔ," అంది నర్సక్క. "నేనే చేయించిన గిసొంటివి. పత్రికల బొమ్మ చూపెట్టి జర్దోజీ పనోళ్ళతోని చేయిస్తి, యుద్ధం నాటకానికి. మన దుకాణంల మాయమైనదే ఇక్కడ తేలినట్టుంది. బిళ్ళ పీకి పారేసి కోటు తీస్కుందాం." అని గోరు ఆ బిళ్ళ అంచు కింద పెట్టింది.

నేను వాళ్ళిద్దరితో సరే అనలేకపోయాను. నాకు వేరే ఏదో తెలిసి కాదు, కాంతం చెప్పిందానికి ఊఁ కొట్టడం ఇష్టం లేక. "ఆగండక్కా" అని కోటు లాక్కుని అక్కడే పేవ్‌మెంటు మీద కూర్చుని దాని ఎడమ చెయ్యి తిరగేశాను. లోపల చూస్తే బిళ్ళ చుట్టూరా దగ్గర దగ్గరగా కుట్లు, ఉన్ని అస్తరు దాకా దిగిన కుట్లు. మన దుకాణంలో బిళ్ళలు తగిలించేది నేను. నాలుగు వదులు కుట్లకి మించి నేను వెయ్యను. నాటకానికి తగిలించిన బిళ్ళైతే ఎవరూ ఇంత గట్టిగా కుట్టరు. సూదితో అంచు కొంచెం లేపాను. బిళ్ళ కింద గుడ్డ ఆకుపచ్చగా ఉంది, కొత్తగా, ఎండ తగలని గుడ్డలా. చుట్టూ ఉన్నదంతా వెలిసిపోయి, దాని కింద మాత్రం అదే డాలు ఆకారంలో పచ్చదనం. ఎర్ర చార రంగు చెమటకో ఉతుక్కో దిగి అస్తరులో మరకయింది. అంటే కోటు కొత్తగా ఉన్నప్పుడే ఆ బిళ్ళ ఎక్కింది. దానితోనే ఎండకి వెలిసింది, దానితోనే ఉతికించుకుంది. ఆ సిపాయి ఇక్కడికొచ్చి, మన బజార్లో, మన జర్దోజీ పనివాడితోనే తన బిళ్ళ చేయించుకుని కుట్టించుకున్నాడు. జరీ ఉంది కాబట్టి దొంగది అనుకున్నాం. రోజూ జరీతో దొంగవి చేసే దుకాణం వాళ్ళం కదా, అసలుది ఎదురుపడితే మనదే అనుకున్నాం.

నర్సక్క నా పక్కన చతికిలబడి ఆ పచ్చటి గుడ్డని వేలితో తాకింది. లేచిన అంచుని మళ్ళీ అదిమి పెట్టింది. కాంతం, "నాకు తట్టనే లేదక్కయ్యా" అంది మామూలుగా, ఉప్పు సంగతి చెప్పినట్టు. నర్సక్క నాకేసి చూసి, "నీకు కుళ్ళు జాస్తి సీతమ్మా," అంది. తిట్టు అనుకున్నాను. "నవ్వుతలేను. జెర మనసు మంచిగున్నోళ్ళకు పైది చూస్తె సాలు. కుళ్ళున్నోళ్ళు లోపల చూసేదాంక ఊకోరు. పో, నువ్వే తగిలించు."

దుకాణానికొచ్చి ఆ కోటుని నా చేత్తో తిరగేసి, కర్ర మొదట్లో, తలుపు తియ్యగానే కనబడేట్టు తగిలించాను. తగిలించి పీట పక్కన కూర్చున్నాను. చాయ్ వచ్చింది. ఇవాళైనా అనుకున్నాను. నర్సక్క కప్పు తుడిచింది, పోసింది, కాంతానికి ఇచ్చింది. నాకు గ్లాసు.

అలాగే ఏళ్ళు గడిచాయి. మీ నాన్న పుట్టాడు. వాణ్ణి సగం కాంతమే పెంచింది, అదీ నాకు ఇంకో మంట, దాన్ని ఇంకోసారి రాద్దువుగాని. నేను కనిపెట్టిన వస్తువులతో ఒక కర్ర నిండింది. ప్రతిసారీ గ్లాసే. నర్సక్క కళ్ళకి పొర కమ్మింది. దుకాణం కూల్చి రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. సికింద్రాబాదు వైపు నుంచి రిటైరైన మిలిటరీ ఆఫీసరు ఒకాయన వచ్చి వెనక గది మొత్తం కొనుక్కుని లారీలోకి ఎక్కించుకున్నాడు. ఎక్కిస్తూ అన్నిటినీ సరిచేసి, ముఖం పైకి పెట్టి మడిచాడు. నర్సక్క చప్పుడు విని గోడకేసి తిరిగి కూర్చుంది. గౌలిగూడలో చెల్లెలి కొడుకు ఇంటికి వెళ్ళిపోయే రోజు మమ్మల్ని పిలిచింది. కప్పు కాంతం చేతిలో పెట్టింది. నాకేమీ ఇవ్వలేదు.

కాంతం ముందు నడిచి రోడ్డు మలుపు దాకా వెళ్ళాక నేను వెనక్కొచ్చాను. "అక్కా, ఒక్కసారైనా నాకు ఆ కప్పులో పోశారా?" అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆవిడ చూపు ఆనని కళ్ళతో నా వైపు తిరిగి నవ్వింది. "గా పిల్లకిస్తుంటె నువ్వు చూడవడ్తివి. అందుకే ఇచ్చిన. నీకు పోస్తె నీ కడుపు నిండుతది. కడుపు నిండితె నువ్వు గా సంక లోపల, గా జేబు కింద మల్ల ఎన్నడు చూడవు. నాకు చూసేటామె కావాలె బిడ్డా, తాగేటామె కాదు."

ఆ మాట నిజమో, ఏడుస్తున్నదాన్ని ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు అల్లిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎన్నిసార్లు తిరగేసి చూశానో ఆ మాటని. ఒకరోజు కుట్లు గట్టిగానే కనిపిస్తాయి, ఇంకోరోజు వదులుగా. కానీ ఆవిడ నాకిచ్చింది ఏదైనా ఉంటే అదే. పెళ్ళిళ్ళలో ఎవరి చీరైనా బాగుందంటే నా చెయ్యి ముందు దాని లోపలి అంచుకి పోతుంది. ఎవరింట్లోనైనా పచ్చడి బాగుంటే పొగిడి ఊరుకోలేను, అందులో ఏం వేశారో తేలేదాకా నాకు నిద్రపట్టదు. కోడళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కాంతం ఆ కప్పు ఇవాళ్టికీ బీరువా పక్క అలమారలో పెట్టుకుని, పొద్దునా సాయంత్రం అందులోనే తాగుతుంది. ఇస్తానని అది అనలేదు, ఇమ్మని నేను అడగలేదు.

సరే, ఇక నీ కోటు. నీకు కథ చెబుతూనే నా వేళ్ళు దీని లోపల తిరుగుతున్నాయి, గమనించావా? ఈ భుజం బిళ్ళ అంచు కొంచెం లేపాను, కోప్పడకు. కింద గుడ్డ చూడు. పైన ఎంత వెలిసిందో కిందా అంతే వెలిసింది. అంటే ముందు వెలిశాక తరవాత బిళ్ళ ఎక్కించారు. మోచేతులు చూడు, రెండూ ఒకేలా అరిగాయి. ఏ మనిషీ రెండు మోచేతులూ ఒకేలా అరగ్గొట్టుకోడు అమ్మడూ, ఒక చేత్తోనే కదా రాసేది, ఆనుకునేది. ఇది ఏదో ఫ్యాక్టరీలో అరగదీసిన కోటు. వాసన కూడా పట్టించిందే అయ్యుంటుంది. నిన్ను మోసం చేశారు, పాపం, అయినా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కాంతం గుమ్మంలోంచి చూసి అసలుదే అంది కదా, భుజం దిగిన తీరు చూసి అని ఉంటుంది. దాన్ని ఇవాళ ఇక్కడ కూర్చోబెట్టి, ఈ బిళ్ళ కింద వేలు పెట్టించి…

"అక్కయ్యా, ఇంకా ఎంతసేపు? పప్పు చల్లారిపోతోంది. మజ్జిగ నా కప్పులో పోసి పెట్టాను నీకు. గ్లాసులన్నీ తోమడానికి వేశా, ఏమీ అనుకోకు."

విన్నావా, ఏ కప్పంది? నా కప్పు అందా? వస్తున్నా కాంతం. చెయ్యి ఇవ్వు అమ్మడూ, కోటు కూడా పట్టుకురా. ముందు ఆ మజ్జిగ తాగి, కాదు, ముందు ఈ కోటు దొంగదని దానికి చూపించి, అప్పుడు ఆ కప్పు నేను అందుకుంటాను.